ముప్పయ్యైదు లీటర్ల దారి

పశ్చిమ ఆస్ట్రేలియాలో లావర్టన్ అనే చిన్న ఊరు నుంచి తూర్పుకు ఒక ఎర్రమట్టి దారి పోతుంది. పేరు గ్రేట్ సెంట్రల్ రోడ్డు. ఉలూరు అనే రాతికొండ పక్కనున్న యులారా దాకా దాదాపు 1,100 కిలోమీటర్లు. ఆ దారిలో మొదటి మజిలీ జుకయిర్లా రోడ్‌హౌస్ అనే దారిపక్క విడిది. లావర్టన్ నుంచి అక్కడికి 300 కిలోమీటర్ల పైమాటే. మధ్యలో ఊరు లేదు, టీ కొట్టు లేదు, కళ్ళు మూసుకుని నమ్మదగ్గ కుళాయి లేదు. కారులో వెళ్ళేవారికి అది ఒక పూట ప్రయాణం. సైకిలు మీద ఒంటరిగా వెళ్ళేవారికి నాలుగైదు రోజులు. రోజుకు 7 లీటర్ల చొప్పున అయిదు రోజులకు 35 లీటర్ల నీళ్ళు కావాలి. అంటే 35 కిలోలు. మామూలు యాత్రల సైకిలు బరువు 17 కిలోలనుకుంటే, దానికి రెట్టింపు బరువు నీళ్ళదే.

ఎడారిలో ఒంటరి సైకిలు యాత్రకు ఎలా సిద్ధం కావాలి అనే ప్రశ్నకు నూట ఇరవై ఏళ్ళకు పైగా జవాబులు పోగవుతూనే ఉన్నాయి. దాటివచ్చిన వాళ్ళు ధైర్యం గురించి రాశారు. సామాను తయారుచేసేవాళ్ళు టైర్ల గురించి, సంచుల గురించి చెబుతారు. శరీరధర్మ శాస్త్రవేత్తలు చెమట కొలిచారు. తప్పిపోయినవాళ్ళను వెతికే పోలీసులదీ, పైలట్లదీ మరో పాఠం. వీటిలో కొన్ని ఒకదానితో ఒకటి పొసగవు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలింది ఇది: రెండు నీటి చోట్ల మధ్య దూరం ఎంత అన్న ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతా వాటికి అర్థం వస్తుంది. ఏ నెలలో వెళ్ళాలి, ఎంత వెడల్పు టైరు వేయాలి, ఏం తినాలి, ఎక్కడ వెనక్కి తిరగాలి అన్నవన్నీ ఆ దూరమే తేలుస్తుంది. అయినా సైకిలు కొన్న తర్వాత దారి వెతుక్కునేవాళ్ళే ఎక్కువ.

మొదట పాతవాళ్ళ సంగతి. 1890లలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని కూల్గార్డీలో బంగారం పడ్డప్పుడు సైకిలుకు గిరాకీ పెరిగింది. గుర్రానికి మేత కావాలి, నీళ్ళు కావాలి. అక్కడ నీళ్ళు అమ్ముకునే సరుకు. సైకిలుకు రెండూ అక్కర్లేదు. ఒంటెలు తొక్కీ తొక్కీ గట్టిపడ్డ కాలిబాటల మీద వార్తాహరులు సైకిళ్ళు తొక్కేవారు. అలాంటి కుర్రాళ్ళలో ఒకడు ఆర్థర్ రిచర్డ్‌సన్. 1896 నవంబరులో కూల్గార్డీలో బయలుదేరి 31 రోజుల్లో అడిలైడ్ చేరాడు. వెంట ఉన్నది చిన్న మూట, ఒక నీళ్ళ సంచి. 1899లో పెర్త్ నుంచి బయలుదేరి ఆస్ట్రేలియా ఖండం చుట్టూ తిరిగి 1900 ఫిబ్రవరిలో మళ్ళీ పెర్త్ చేరాడు. జెరోమ్ మ్యూరిఫ్ అనే ఇంకొకాయన 1897లో అడిలైడ్ దగ్గరి సముద్ర తీరం నుంచి ఉత్తరాన డార్విన్ దాకా ఖండాన్ని నిలువునా దాటాడు, అదీ పైజామాలో. వదులుగా, పల్చగా, ఒళ్ళంతా కప్పే బట్ట. ఇవాళ ఎండలో తొడిగే చొక్కాలకు పెద్ద ధర పెట్టి అమ్మేవాళ్ళు చెప్పే లక్షణాలన్నీ ఆ రాత్రి బట్టల్లోనే ఉన్నాయి.

వీళ్ళ కథలు చదివి చాలామంది తీసుకునే నీతి ఒక్కటే: గుండె ధైర్యం ఉంటే ఒక నీళ్ళ సంచి చాలు. ఇది సగం నిజం కూడా కాదు. రిచర్డ్‌సన్ నల్లర్బోర్ మైదానం దాటింది 1877లో వేసిన తంతి తీగ వెంట. మ్యూరిఫ్ పట్టుకున్నది 1872లో పూర్తయిన ఖండాంతర తంతి మార్గాన్ని. తీగ ఉన్న చోట దాన్ని కాపాడే స్టేషన్లుంటాయి. స్టేషన్ ఉన్న చోట మనుషులు, నీళ్ళు, రొట్టె ఉంటాయి. వాళ్ళు ఒంటరిగా తొక్కారు సరే, ఏర్పాట్లు మాత్రం ఒంటరివి కావు. ఇవాళ రోడ్‌హౌస్‌లను లెక్కపెట్టుకుని దారి గీసుకునేవాడు చేస్తున్నదీ సరిగ్గా అదే.

ఇక ఆ నీళ్ళు అక్కడికి ఎలా వచ్చాయన్నది యాత్రా పుస్తకాలు తొందరగా దాటేసే విషయం. ఎడారి సైకిలిస్టులు అన్నిటికన్నా కఠినమైనదిగా చెప్పుకునే దారి కానింగ్ స్టాక్ రూట్. హాల్స్ క్రీక్ నుంచి విలూనా దాకా సుమారు 1,850 కిలోమీటర్లు, మధ్యలో వందలాది ఇసుక దిబ్బలు. పశువులను తోలుకెళ్ళడానికి ఆల్ఫ్రెడ్ కానింగ్ 1906లో ఆ దారిని సర్వే చేశాడు. తర్వాత 1908 నుంచి 1910 దాకా బావులు తవ్వించాడు. చెలమలు ఎక్కడున్నాయో తెలిసింది అక్కడి ఆదివాసులకు. కానింగ్ బృందం వాళ్ళను పట్టుకుని, మెడకు గొలుసులు వేసి, దారి చూపించుకుంది. బృందంలోని వంటవాడే ఫిర్యాదు చేస్తే 1908లో రాయల్ కమిషన్ విచారణ జరిగింది. కానింగ్‌ది తప్పు లేదని తేల్చారు. అంతకు పదేళ్ళ ముందే డేవిడ్ కార్నెగీ అనే అన్వేషకుడు, పట్టుకున్నవాళ్ళకు ఉప్పు మాంసం పెట్టి, దాహం పుట్టించి, నీటి చోటుకు నడిపించుకున్నాడు. ఆ సంగతి తన పుస్తకంలో తానే రాసుకున్నాడు. మ్యాపులో నీలం చుక్కగా కనిపించే బావి వెనక ఈ చరిత్ర ఉంది. కనక ఇప్పుడు ఆ భూముల గుండా వెళ్ళడానికి అనుమతి తీసుకోమంటే అదేదో కాగితాల తంటా అని విసుక్కునేవాళ్ళ మీద నాకు సానుభూతి లేదు. గ్రేట్ సెంట్రల్ రోడ్డుకు పశ్చిమ ఆస్ట్రేలియా వైపు ఒకటి, నార్దర్న్ టెరిటరీ వైపు ఒకటి, వేర్వేరు అనుమతులు కావాలి. కారు రెండు మూడు రోజుల్లో దాటే దారి కాబట్టి, సైకిలు మీద వస్తున్నాననీ ఇన్ని రోజులు పడుతుందనీ దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి.

ఇక నీళ్ళ శాస్త్రం. ఈ ప్రశ్నలో అన్నిటికన్నా గట్టి పని జరిగింది ఇక్కడే. తగువులు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

1905 ఆగస్టులో అరిజోనా ఎడారిలో పాబ్లో వలెన్సియా అనే బంగారు అన్వేషకుడు ఒక రోజుకు సరిపడే నీళ్ళతో దాదాపు ఏడు రోజులు బతికి బయటపడ్డాడు. అతన్ని చివరి దశలో కాపాడిన మెక్‌గీ అనే శాస్త్రవేత్త, నాలుక ఎండి బిగుసుకుపోవడం నుంచి చర్మం పగిలినా నెత్తురు రాని స్థితి దాకా దాహం ఏ మెట్ల మీదుగా మనిషిని దించుతుందో ఒక వ్యాసంలో వర్ణించాడు. దాన్ని చదివి అందరూ అబ్బురపడ్డారు. అందులో వాడుకోదగ్గ ముక్క ఒకటే: వలెన్సియా పగలు నీడన పడి ఉండి రాత్రుళ్ళు కదిలాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎడ్వర్డ్ అడాల్ఫ్ బృందం కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల మీద చేసిన కొలతలు 1947లో పుస్తకంగా వచ్చాయి. నీళ్ళు తక్కువ తాగడం అలవాటు చేస్తే శరీరం తక్కువతో సరిపెట్టుకోవడం నేర్చుకుంటుందని అప్పటి సైన్యాలు నమ్మేవి. ఆ నమ్మకాన్ని ఈ పని పూర్తిగా కొట్టిపారేసింది. నీళ్ళు తాగకపోయినంత మాత్రాన చెమట ఆగదు, మనిషి ముందే కూలబడతాడు. పొదుపు చేయాల్సింది చెమటను. అంటే ఎండలో కదలకూడదు, ఒంటి మీద బట్ట తీయకూడదు. రెండో సంగతి ఇంకా ఆసక్తికరం. పక్కనే కావలసినన్ని నీళ్ళున్నా మనిషి పోగొట్టుకున్నంత తాగడు. భోజనం వేళకు గానీ లోటు పూడదు. మూడోది, అన్నిటికన్నా కటువైనది: నీడలో 49 డిగ్రీలకు చేరే వేడిలో, కదలకుండా కూర్చున్న మనిషి నీళ్ళు లేకుండా సుమారు రెండు రోజులు బతుకుతాడు. దగ్గర నాలుగు లీటర్లుంటే రెండున్నర రోజులు. నాలుగు లీటర్లకు దక్కేది పూట బతుకు! ఆ వేడిలో కొద్దో గొప్పో నీళ్ళు వెంట ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే ఏ నెలలో వెళ్ళాలన్నది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న కాకుండా పోయింది. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊడ్నడాటాలో 1960 జనవరి 2న నమోదైన 50.7 డిగ్రీలు ఆ దేశపు రికార్డు. సింప్సన్ ఎడారి రక్షిత ప్రాంతాన్ని ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా మూసేస్తారు. మూయని దారుల్ని కూడా ఆ నెలల్లో మూసి ఉన్నట్టే లెక్కపెట్టుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు వాదన మారథాన్ లోకం నుంచి వచ్చింది. పరుగు పందేల్లో దాహం వేయకముందే తాగండి, ఎంత తాగితే అంత మంచిది అని దశాబ్దాల పాటు చెప్పారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉందని తేలింది. అతిగా తాగడమే ప్రధాన కారణం. దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్ దీని మీద పెద్ద పుస్తకమే రాసి, దాహాన్ని నమ్ముకోండి, అది చాలు అన్నాడు. ఎడారి సైకిలిస్టు ఎవరి మాట వినాలి? నోక్స్ మాట కొన్ని గంటల పందేనికి సరైనదే, ముందు ఆసుపత్రి గుడారం ఉన్న చోట. రోజుల తరబడి, ఉదయం నుంచి సాయంత్రం దాకా తొక్కేవాడికి అడాల్ఫ్ చూపిన లోటు రోజు రోజుకూ పేరుకుంటుంది. పైగా పొడి గాలిలో చెమట పుట్టిన క్షణమే ఆరిపోతుంది. చొక్కా తడవదు, చెమట పట్టలేదనే అనిపిస్తుంది. నా ఓటు రెండింటికీ మధ్య: తొక్కుతున్నంతసేపూ దాహం చెప్పినట్టు తాగాలి, సాయంత్రం తిండితో పాటు ఉప్పు కలిపి లోటు పూడ్చాలి, పొద్దున్నే మూత్రం రంగు చూసి లెక్క సరిచూసుకోవాలి. ఉప్పు కోసం ప్రత్యేకమైన విదేశీ మాత్రలు కొననక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం మన ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది.

మన ఎండకు అలవాటుపడ్డవాళ్ళం కదా అన్న ధీమా తెలుగువాళ్ళకు ఉంటుంది. రామగుండం మే నెలలో తిరిగినవాడికి ఆస్ట్రేలియా ఎంత అని. శరీరం వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుందనీ, వేడికి దూరమైతే ఆ అలవాటు కొన్ని వారాల్లోనే పోతుందనీ తెలిసినదే. కాబట్టి మేలో సాధించింది జులైలో కొంతే మిగులుతుంది. అంతకన్నా ముఖ్యం, జులై అక్కడ చలికాలం. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆ నెల పగటి గరిష్ఠం సగటున 20 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి నాలుగు. సున్నా కిందికి దిగే రాత్రులూ ఉంటాయి. ఎడారి అనగానే ఎండ టోపీ కొనుక్కుని, నిద్ర సంచి దగ్గర డబ్బు మిగుల్చుకునేవాళ్ళు ఒణికేది అక్కడే. రోజుకు 7 లీటర్లన్న లెక్క కూడా ఈ చల్లని నెలలకే పనికొస్తుంది, వంటకు కలుపుకుని. అక్టోబరులో అదే దారికి పదికి పైగా కావాలి.

మోయడం ఎలా అన్నది తర్వాతి మాట. అయిదు రోజులకు 35 లీటర్లు, నాలుగున్నర కిలోల తిండి, 15 కిలోల సామాను, 17 కిలోల సైకిలు కలిపితే డెబ్బై కిలోలు దాటుతుంది. తొక్కేవాడి బరువు వేరే. గట్టి నైలాను నీళ్ళ సంచులు కొనుక్కోవచ్చు. ఆస్ట్రేలియా సైకిలిస్టులు మాత్రం ఎక్కువగా చవక ద్రాక్షసారా అట్టపెట్టెలోంచి తీసిన సంచిని వాడతారు. ఆ పెట్టె సారా 1965లో దక్షిణ ఆస్ట్రేలియాలోనే పుట్టింది. లోపలి సంచి పల్చగా, తేలిగ్గా, ముడుచుకునేలా, కుళాయితో సహా వస్తుంది. నీళ్ళు అయిపోయాక గాలి ఊదితే తలగడ. ఒకటి చిరిగినా మొత్తం పోకుండా నీళ్ళను అయిదారు సంచుల్లో పంచాలన్నది ఎవరూ కాదనని నియమం.

ఈ బరువును నాలుగు సంచుల్లో సైకిలుకే తగిలించాలా, వెనక ఒంటి చక్రం బండి కట్టుకోవాలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. 2005లో జాకుబ్ పోస్ట్‌జిగాచ్ అనే పోలండ్ సైకిలిస్టు మధ్యలో ఎవరి సాయమూ లేకుండా కానింగ్ దారిని దాటింది లావు టైర్ల సైకిలుకు అలాంటి బండి తగిలించుకునే. దారి పొడవునా తిండి మొత్తం తానే మోశాడు. ఇసుకలో బండి బరువును మరో చక్రం మీదికి పంచుతుంది కాబట్టి అక్కడ అది గెలుస్తుంది. గట్టి మట్టి దారి మీద మాత్రం పాడవడానికి మరో చక్రం, మరో టైరు, మరో కీలు చేర్చినట్టే. గ్రేట్ సెంట్రల్ రోడ్డుకు బండి అక్కర్లేదని నా అభిప్రాయం. రెండున్నర అంగుళాల టైరు చాలు. మెత్తటి ఇసుక దిబ్బల్లోకి వెళ్ళేవాడికే నాలుగంగుళాలది, అందులోనూ వేలితో నొక్కితే లోపలికి పోయేంత తక్కువ గాలితో.

మట్టి దారిలో అసలు శత్రువు ఇసుక కన్నా అలలు. దారి పొడవునా సిమెంటు రేకు పరిచినట్టు వరసగా గట్లు లేస్తాయి. వేగంగా పోయే ఏ చక్రం కింద అయినా ఒక హద్దు దాటితే ఈ గట్లు వాటంతటవే పుడతాయని 1960లలో కీత్ మేథర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. గట్లు లేపేది లారీలు, అనుభవించేది సైకిలు. రోజుకు వేల సార్లు పడే ఆ దెబ్బకు ముందుగా ఊడేది క్యారియరు బోల్టు. తర్వాత వెనక చక్రం పుల్లలు. గేర్ల వైపు పుల్ల విరిగితే గేర్ల గుత్తి విప్పకుండా కొత్తది వేయలేం. ఆ పనిముట్టు తేనివాడు వంకర చక్రంతోనే మిగిలిన దూరం ఈడ్చాలి. కాబట్టి 36 పుల్లల చక్రం, అవసరమైతే ఏ పశువుల క్షేత్రంలోనైనా వెల్డింగు చేయించుకోగల ఉక్కు క్యారియరు, ప్రతి బోల్టుకూ పట్టు జిగురు, సాయంత్రం గుడారం వేయకముందే అన్నిటినీ ఒకసారి బిగించి చూసే అలవాటు. అల్యూమినియం తేలికే గానీ, అక్కడ దాన్ని అతికేవాడు దొరకడు.

ముళ్ళ విషయంలో మనవాళ్ళకు పరిచయం ఎక్కువ. ఆస్ట్రేలియా దారుల పక్క టైర్లను పొడిచే ముళ్ళలో ఒకటి మన పల్లేరుకాయే, అదే మొక్క. ఎటు పడ్డా ఒక ముల్లు పైకి నిలబడే ఆ కాయ ట్యూబును వదలదు. ట్యూబు లేని టైరులో పోసే జిగురు ద్రవం చిన్న రంధ్రాలను తనంతట తానే మూస్తుంది. అది ఎండి గట్టిపడే గుణం ఉన్నది కాబట్టి అదనపు సీసా, ఎందుకైనా మంచిదని రెండు ట్యూబులు వెంట ఉండాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తినగలిగినంత తినాలి. వండనక్కర్లేని తిండి అయితే నీళ్ళూ ఇంధనమూ మిగులుతాయి కాబట్టి అటుకులు, వేరుశెనగ ఉండలు, ఎండు రొట్టె ఈ పనికి పుట్టినవే. ఉప్పు కోసం పచ్చడి ఉండనే ఉంది. అయితే ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తెచ్చిన ప్రతి తిండి పదార్థాన్నీ కార్డులో రాసి చూపించాలి. సైకిలు కూడా. మన మట్టి అంటిన టైరు, బూటు అడుగు కనిపిస్తే కడిగించందే వదలరు. పెట్టెలో పెట్టేముందే పళ్ళు తోమే బ్రష్షుతో టైరు గాళ్ళు తోముకోవడం మేలు. మిగతా సరుకు అక్కడే కొని, ముందుగా మాట్లాడుకుని, రోడ్‌హౌస్‌లకు పోస్టు పార్సెళ్ళుగా పంపుకోవడం అక్కడి సైకిలిస్టుల పాత పద్ధతి.

ప్రమాదం వస్తే? ఇక్కడ చదివినవాటిలో ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. బండిని విడిచి వెళ్ళకండి అన్నది ఎడారి రక్షణ దళాల మొదటి మాట. 1998 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని ఐర్ సరస్సు దగ్గర ఇసుకలో వ్యాను కూరుకుపోయినప్పుడు ఆస్ట్రియా పర్యాటకురాలు ఒకరు సాయం కోసం నడిచి వెళ్ళి దారిలో చనిపోయారు. వ్యాను దగ్గరికి తిరిగి వెళ్ళిన తోటి మనిషి బతికాడు. ఆకాశం నుంచి వెతికేవాళ్ళకు బండి కనిపిస్తుంది, మనిషి కనిపించడు. అయితే దగ్గరే ఉండటం ఒక్కటే చాలదు. 2024 ఆగస్టులో సౌదీ అరేబియాలోని రబ్ అల్ ఖాలీ ఎడారిలో దారి తప్పిన ఇద్దరు ఉద్యోగుల్లో ఒకడు తెలంగాణ నుంచి వెళ్ళిన యువకుడు. జీపీఎస్ సిగ్నల్ పోయింది, ఫోను చార్జింగు అయిపోయింది, బండిలో ఇంధనం అయిపోయింది. బండి పక్కనే శవాలై దొరికారు, నాలుగు రోజుల తర్వాత. వాళ్ళు యాత్రికులు కూడా కాదు, పని మీద వెళ్ళినవాళ్ళు. ఫోను సిగ్నల్‌తో పనిలేకుండా పిలవగలిగే సాధనం లేకపోతే అక్కడే ఉండటమన్నా వెళ్ళిపోవడమన్నా ఒకటే అయిపోతుంది.

సైకిలు నీడ ఇవ్వదు, పైనుంచి కనిపించదు. కాబట్టి నీడకు వెండి రంగు పల్చటి దుప్పటి ఒకటి, పిలవడానికి 406 మెగాహెర్ట్‌జ్ బీకను ఒకటి తప్పవు. బీకను మీట నొక్కితే కనీసం 24 గంటలు ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది, నెల నెలా చందా ఉండదు. సందేశాలు పంపే శాటిలైట్ పరికరాలు ఇంటివాళ్ళకు ఊరటనిస్తాయి, నిజమే. అయితే అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి మెసెంజర్లు దగ్గర పెట్టుకోవడం మన దేశంలో చట్టం ఒప్పుకోని పని. విమానాశ్రయాల్లో విదేశీ పర్యాటకులు వాటితో పట్టుబడ్డ సందర్భాలున్నాయి. హైదరాబాదులో కొని పెట్టెలో పెట్టుకునే ఆలోచన మానుకుని, అక్కడికి వెళ్ళాకే అద్దెకు తీసుకోవడం క్షేమం. పరికరం కన్నా పాతదైన ఏర్పాటు మరొకటి ఉంది: రేపు ఎక్కడికి, ఎన్ని రోజుల్లో చేరకపోతే పోలీసులకు చెప్పాలి అన్నది కాగితం మీద రాసి ఒక మనిషికి ఇవ్వడం. చేరగానే ఆ మనిషికి ఫోను చేయడం మరిచిపోయి, ఊరికే వెతుకులాట మొదలుపెట్టించినవాళ్ళూ ఉన్నారు.

    

ఇవన్నీ ఉన్నాక మిగిలేది వెనక్కి తిరగడం. యాత్రా కథల్లో ఇది దాదాపు కనిపించదు, తిరిగి వచ్చినవాళ్ళు పుస్తకాలు రాయరు కాబట్టి. లావర్టన్ దారినే తీసుకుందాం. రోజుకు 65 కిలోమీటర్ల లెక్కన బయలుదేరావు. రెండో సాయంత్రం సైకిలు ఆపి, సంచులను ఒక్కొక్కటిగా కొక్కెం త్రాసుకు తగిలించి తూస్తే 20 కిలోలు తేలాయి. అంటే 15 లీటర్లు ఖర్చయ్యాయి. 130 కిలోమీటర్లు వచ్చి ఉంటే ఇంకా 175 ఉంది, మూడు రోజుల లోపు, 20 లీటర్లు సరిపోతాయి, అదీ బొటాబొటిగా. ఎదురుగాలికో ఇసుకకో 90 మాత్రమే వచ్చి ఉంటే ముందు 215 కిలోమీటర్లు, ఇదే వేగంతో అయిదు రోజులు, కావలసింది 35 లీటర్లకు పైనే. వెనక్కి రెండు రోజులు, 15 లీటర్లు. ఇందులో ధైర్యానికీ పట్టుదలకూ చోటు లేదు. మూడో రోజు మధ్యాహ్నం దాకా చూద్దామని ఇంకో ముప్ఫై కిలోమీటర్లు ముందుకు పోతే, ముందుకూ చాలవు, వెనక్కూ చాలవు. దారిన పోయే కారువాళ్ళు ఆపి నీళ్ళిస్తారు, నిజానికి చాలామందికి ఇస్తున్నారు కూడా. అది వచ్చినప్పుడు సంతోషంగా పుచ్చుకోవాలి గానీ లెక్కలో వేసుకోకూడదు. ఈ లెక్కను ముందే కాగితం మీద వేసి, ఏ సాయంత్రం ఎన్ని కిలోమీటర్ల లోపు ఉంటే తిరగాలో హ్యాండిలుకు అంటించుకోవడం మంచిది. అలసిన బుర్ర కూడికలు సరిగ్గా చేయదు.

ఈ లెక్కకు ఆధారమైన 7 లీటర్లు ఎవరో చెప్పినవి. నీ ఒంటి లెక్క నీకు తెలియాలంటే ఇక్కడే కొలుచుకోవచ్చు. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఒడ్డున గాలికి కదిలే ఇసుక దిబ్బలున్నాయి. రోడ్డున 35 లీటర్లు కట్టుకుని తొక్కడానికి ఆ చుట్టుపక్కల ఎదురుగాలికి కొదవ లేదు. తొక్కే ముందు ఒళ్ళు తూచుకోవాలి. గంట తొక్కి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ తూచుకోవాలి. తగ్గిన బరువుకు మధ్యలో తాగినది కలిపితే గంటకు పోయే చెమట తెలుస్తుంది. వేర్వేరు ఎండల్లో, వేర్వేరు వేళల్లో ఇది పదే పదే చేసి, అక్కడి జులై వేడికి దగ్గరగా ఉండే మన డిసెంబరు ఉదయాల లెక్కను పట్టుకోవాలి. దానికి వంట, రాత్రి దాహం కలిపి 9 లీటర్లు తేలాయనుకుందాం. లావర్టన్ దారికి 45 కిలోల నీళ్ళవుతాయి. అంత బరువుతో రోజుకు 65 కిలోమీటర్లు పడవు కాబట్టి రోజులు పెరుగుతాయి, రోజులు పెరిగితే నీళ్ళు మళ్ళీ పెరుగుతాయి, ఈ కూడిక ఎక్కడా ఆగదు. అలాంటివాళ్ళకు నార్స్‌మన్ నుంచి సెడూనా దాకా 1,200 కిలోమీటర్ల నల్లర్బోర్ తారు రోడ్డు ఉంది. అక్కడ రోడ్‌హౌస్‌ల మధ్య అతి పెద్ద ఖాళీ 190 కిలోమీటర్ల చుట్టుపక్కల. రోడ్డు నేరుగా, గాలి మొండిగా, పొడవాటి లారీ రైళ్ళు వెనక నుంచి వస్తాయి కాబట్టి అద్దం ఒకటి కావాలి. నీళ్ళు మాత్రం 25 లీటర్లు చాలు.